నిలబెట్టిన పాపం

నృగమహారాజు కథ రెండు చోట్ల ఉంది. ప్రవచనాల్లో మనం ఎప్పుడూ వినేది భాగవతం దశమస్కంధంలోది. లెక్కలేనన్ని గోవుల్ని దానం చేసిన రాజు ఆయన. ఒకరికిచ్చిన ఆవు తప్పిపోయి మళ్లీ తన మందలోనే కలిసింది. తెలియక దాన్నే ఇంకొకరికి దానమిచ్చాడు. ఆ దోషానికి ఊసరవెల్లి అయి పాడుబావిలో పడి, చివరికి కృష్ణుడి చేయి తగిలి బయటపడ్డాడు. దానం చేసేటప్పుడు ఎంత జాగ్రత్తగా ఉండాలో అని అనుకుంటూ విన్నవాళ్లు ఇళ్లకు వెళతారు.

రెండోది వాల్మీకి రామాయణం ఉత్తరకాండలో ఉంది. అక్కడా ఆవు ఉంది, అది నాదంటే నాదని కొట్లాడుకునే ఇద్దరు బ్రాహ్మణులున్నారు. కానీ అక్కడ శాపం తగిలింది ఆవు చేతులు మారినందుకు కాదు. ఆ ఇద్దరూ తగవు తీర్చమని రాజద్వారానికి వచ్చారు. రోజులు గడిచాయి, రాత్రులు గడిచాయి. రాజు దర్శనం దొరకలేదు. కార్యార్థులై వచ్చినవాళ్లకు కనబడలేదు కాబట్టి ఏ ప్రాణికీ కనబడకుండా ఊసరవెల్లివై గోతిలో పడి ఉండమని శపించి, ఇద్దరూ తమ దారిన వెళ్లిపోయారు. దానగుణం ఆయన్ని కాపాడలేదు. గుమ్మం ముందు ఇద్దరు మనుషుల్ని నిలబెట్టాడు, అంతే.

ఈ కథ ఎవరు ఎవరికి చెప్పారన్నది ఇంకా ముఖ్యం. రాముడు లక్ష్మణుడికి చెప్పాడు. సీతను అడవిలో దింపి లక్ష్మణుడు తిరిగి వచ్చాడు. సీతను వదిలిన దుఃఖంలో నాలుగు రోజులుగా ప్రజల పని చూడలేదని, అది తన మర్మాల్ని కోస్తోందని రాముడు అన్నాడు. ప్రతిరోజూ పౌరుల పని చూడని రాజు ఘోరమైన నరకంలో పడతాడని చెప్పి, ఉదాహరణగా ఈ కథ ఎత్తుకున్నాడు. ఆ దుఃఖం ఎవరు తెచ్చిపెట్టుకున్నదన్న ప్రశ్న నాకు వేరే ఉంది, ఇక్కడ ఎత్తను. నాకు పట్టింది ఒక్కటే. అంతటి దుఃఖం కూడా నాలుగు రోజుల ఆలస్యానికి సాకుగా చెల్లదని ఆయన తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు.

హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. ఊరూరా, గుడి గుడికీ ప్రవచనాలు విన్నాను. భాగవతం నృగుడు ఎన్నోసార్లు వచ్చాడు. ఉత్తరకాండ నృగుడు ఒక్కసారైనా వచ్చినట్టు గుర్తులేదు. కానీ ఓర్పు గురించి వినని ప్రవచనం లేదు. ఓర్చుకోవడం గొప్ప, ఓర్చినవాడే ధన్యుడు అని వేదిక మీంచి చెబుతారు. కింద కూర్చున్నది ఎవరు? పొద్దున్నంతా ఏదో ఒక కిటికీ ముందు నిలబడి వచ్చినవాళ్లు. నిలబెట్టినవాళ్లకు ఏం చెప్పాలో అదే గ్రంథాల్లో అంత స్పష్టంగా ఉంటే, నిలబడ్డవాళ్లకు చెప్పే మాట మాత్రమే మన చెవిన ఎందుకు పడుతోంది? ఈ ప్రశ్న మా ఆయన పోయిన తర్వాత నాకు మొదలైంది.

ఆయనా ప్రభుత్వోద్యోగే. పోయాక ఫ్యామిలీ పెన్షన్‌కు కాగితాలు కావాలన్నారు. మరణ ధ్రువీకరణ పత్రం, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, ఆధార్, బ్యాంకు పాసుపుస్తకం, అన్నిటికీ జిరాక్సులు. చిక్కు పేరు దగ్గర వచ్చింది. సర్వీసు రిజిస్టరులో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంది. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, చివర ఉంది. మరణ ధ్రువీకరణలో అసలు ఇంటిపేరే లేదు. మన తెలుగువాళ్లలో ఈ చిక్కు లేని ఇల్లు అరుదు. ఇంటిపేరు ముందు చెప్పుకునే మన అలవాటుకూ, చివర పెట్టమని అడిగే ఫారాలకూ మధ్య ఎన్ని కుటుంబాలు నలుగుతున్నాయో ఏ క్యూలో నిలబడినా తెలుస్తుంది. ఈ మూడు పేర్లూ ఒక్క మనిషివేనని స్టాంపు కాగితం మీద రాయించి, నోటరీ ముందు సంతకం పెట్టాను. జీవితమంతా నాతో కాపురం చేసిన మనిషి ఒక్కడేనని ప్రమాణం చేస్తూ పెట్టిన ఆ సంతకం చేతికి ఎంత బరువైందో ఇప్పటికీ గుర్తుంది. దుఃఖం ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే ఈ కాగితాలన్నీ అడుగుతారు. ఆ సమయంలో మనిషి గట్టిగా మాట్లాడలేదు. మాట్లాడలేని మనిషిని రేపు రమ్మనడం తేలిక.

ఆ కాగితాల కోసం ఆఫీసుకు తిరిగిన దారి సంగతి ముందు చెప్పాలి. మేముండేది ఉప్పల్ దాటాక, వరంగల్ రోడ్డు వైపు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా పైవంతెన పని 2018లో మొదలైంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి స్తంభాలు నిలబడి ఉన్నాయి, వాటి కింద రోడ్డు గుంతలు పడి ఉంది. ఎండాకాలం దుమ్ము, వానాకాలం బురద. నేను ఎక్కే బస్సు ఆ స్తంభాల మధ్య నుంచి ఉప్పల్ రింగ్ రోడ్డు చేరి, రామంతాపూర్, అంబర్‌పేట మీదుగా కోఠి వైపు పోతుంది. పొద్దున ఎనిమిదిన్నరకు ఎక్కితే పదిన్నరకు ఆఫీసు తలుపు తీసే వేళకు చేరతానన్న నమ్మకం ఉండదు. చేరినా, ఆ వేళకు టోకెన్లు అయిపోయి ఉండొచ్చు.

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితం. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్టు కొట్టి చేతిలో పెడతాడు. దీన్ని చులకన చేసి మాట్లాడేవాళ్లతో నాకు పేచీ. ఇళ్లలో పని చేసుకునే ఆడవాళ్లు, ఆస్పత్రి ఆయాలు, బట్టల దుకాణాల్లో పొద్దంతా నిలబడే అమ్మాయిలు ఆ టికెట్టుతో నెలకు ఎంత మిగుల్చుకుంటున్నారో వాళ్ల పక్కన నిలబడితే చెబుతారు. రద్దీ పెరిగింది, నిజమే. ఫుట్‌బోర్డు దగ్గర నిలబడే చోటు దొరికితే చాలనుకుంటాం. “జరంత లోపలికి జరుగుండ్రమ్మా” అని కండక్టర్ అరుస్తూనే ఉంటాడు. జరగడానికి చోటు లేకపోయినా అందరూ కాస్త జరుగుతారు. ఒకరి సంచి ఇంకొకరి ఒళ్లో ఉంటుంది. చంటిపిల్లతో ఎక్కిన తల్లికి ఎవరో ఒకరు సీటిస్తారు. మోకాళ్ల నొప్పితో కంబి పట్టుకుని నిలబడ్డ నాకు భగవద్గీత రెండో అధ్యాయం చాలాసార్లు గుర్తొచ్చింది. చలీ వేడీ, సుఖమూ దుఃఖమూ వస్తుంటాయి పోతుంటాయి, నిలకడ లేనివి, వాటిని ఓర్చుకోమని కృష్ణుడు అర్జునుడికి చెప్పాడు. తితిక్ష అంటే అదే. బస్సులో ఆ మాట నాకు పూర్తిగా ఒప్పుదల. అక్కడ ఎవరూ ఎవరినీ నిలబెట్టలేదు. డ్రైవరూ అదే ఎండలో ఉన్నాడు, కండక్టరూ అదే చెమటలో ఉన్నాడు. ఆ ఓర్పు అందరం తలా కాస్త వేసుకుని నడిపించుకునేది. అందులో అవమానం లేదు.

అయితే ఆ స్తంభాలు? వాన ఆకాశం నుంచి పడుతుంది. కానీ ఏటా అదే వంతెన కింద, అదే చోట మోకాటి లోతు నీళ్లు నిలవడం ఆకాశం పని కాదు. గీతలో కృష్ణుడు లెక్కపెట్టిన ద్వంద్వాల్లో ఆగిపోయిన కాంట్రాక్టు లేదు. ఒకరు చేయవలసింది చేయకపోతే కలిగిన బాధను ప్రకృతి పెట్టిన బాధ పక్కన కూర్చోబెట్టి రెండింటినీ ఒకే ఓర్పుతో ఓర్చుకోమనడం తప్పు. అది తితిక్ష స్థాయిని తగ్గించడం. నాకు తోచినంతలో ఈ విషయంలో మన గందరగోళమంతా ఇక్కడే మొదలైంది.

ఆఫీసు లోపల ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఒక మధ్యాహ్నం నా ముందు ఒక అవ్వ నిలబడి ఉంది. ఆమె పింఛను ఆగిపోయింది. వేలిముద్ర యంత్రం ఆమె వేలిని ఒప్పుకోవడం లేదు. బతుకంతా బట్టలుతికి, అంట్లు తోమి వేలి మీది గీతలు అరిగిపోయాయి. ఆధార్‌లో వేలిముద్ర మార్పించుకుని రమ్మన్నారట. అక్కడికి పోతే వేలు పడలేదు, ఆఫీసు నుంచే కాగితం తెమ్మన్నారట. ఇక్కడేమో సార్ సీట్లో లేరు, మీటింగ్‌కు పోయిండు, రేపు రా అన్నారు. రేపంటే మళ్లీ ఒక ఇంట్లో పని మానుకోవాలి, ఆ ఇంటామె మొహం చూడాలి. అదేమీ ఆమె చెప్పలేదు. నా వైపు తిరిగి, “నా కర్మ బిడ్డా, ఎవ్వర్ని అని ఏం లాభం” అంది.

ఆ మాట ఆమె నోటి నుంచి వస్తే నేను తల వంచుతాను. తన బతుకును మోయడానికి ఆమె వెతుక్కున్న బలం అది. కానీ ఆమె వెనక నిలబడ్డ ఒకాయన అదే మాట అందుకుని, “అంతే కదమ్మా, ఎవరి ప్రారబ్ధం వాళ్లు అనుభవించాల్సిందే” అన్నాడు. నాకు ఒళ్లు మండింది. కర్మ సిద్ధాంతాన్ని సగం చదివి ఆపేసే అలవాటు మనకు ఎప్పటి నుంచో ఉంది. సంచితం, ప్రారబ్ధం, ఆగామి అని కర్మ మూడు విధాలని పెద్దలు చెప్పారు. ఆమె నిలబడటం ఆమె ప్రారబ్ధమే అనుకుందాం. మరి ఆమెను నిలబెట్టడం? అది నిలబెట్టినవాడి ఆగామి, ఆ నిమిషాన, ఆ కుర్చీలో కూర్చుని అతను కొత్తగా మూటకట్టుకుంటున్నది. అవ్వ ప్రారబ్ధాన్ని ఆమెకు అందజేసే ఉద్యోగం ఏ శాస్త్రమూ అతనికి ఇవ్వలేదు. ప్రభుత్వం కూడా ఇవ్వలేదు. ఒకరి కష్టాన్ని ఆ మనిషి పూర్వజన్మతో ముడిపెట్టి, కష్టపెట్టినవాడి ఈ జన్మను చూడకుండా వదిలేస్తే అది కర్మ సిద్ధాంతమే కాదు. బలవంతుడికి పనికొచ్చే సగభాగం మాత్రమే.

ఓర్పుకు హద్దు ఉందా లేదా అన్న చర్చ మనకు కొత్త కాదు. అరణ్యపర్వంలో ద్రౌపది ధర్మరాజును నిలదీసింది. రాజ్యం పోయి, సభలో అవమానం జరిగి, అడవిలో నేల మీద పడుకుంటూ ఇంకా క్షమ అంటావేమిటని అడిగింది. అలా అడుగుతూ ఆమె ఒక పాత సంవాదం తెచ్చింది. బలి చక్రవర్తి తన తాత ప్రహ్లాదుణ్ణి అడిగాడట, క్షమ గొప్పదా తేజస్సు గొప్పదా అని. ఎప్పుడూ క్షమే మంచిది కాదు, ఎప్పుడూ తేజస్సే మంచిది కాదు అన్నాడు ప్రహ్లాదుడు. ఎల్లప్పుడూ ఓర్చుకునేవాణ్ణి సేవకులు కూడా లెక్కచేయరని చెప్పాడు. ఎవర్ని ఓర్చుకోవాలో కూడా విడమరిచాడు. మునుపు మేలు చేసినవాడు తప్పు చేస్తే ఓర్చుకో. తెలియక చేసినవాణ్ణి, నిజంగా తెలియకే చేశాడని విచారించి ఓర్చుకో. మొదటి తప్పును ఎవరిదైనా ఓర్చుకో. తెలిసి చేసి, మళ్లీ చేసి, తెలియదని బొంకేవాణ్ణి మాత్రం తప్పు చిన్నదైనా వదలకు. చెప్పినవాడు ప్రహ్లాదుడు, ఓర్పుకు మారుపేరుగా మనం పిల్లలకు చెప్పే మనిషి. ధర్మరాజు ఒప్పుకోలేదు, క్షమను ఎంతో గొప్పగా పొగిడాడు. ఇద్దరి మాటా వ్యాసుడు ఉంచాడు. నేను ద్రౌపది పక్షం. ధర్మరాజు ఓర్పు ఆయన ఇవ్వాలనుకుని ఇచ్చింది, దాని విలువ నేను తక్కువ చేయను. అవ్వ దగ్గర తీసుకుంటున్నది ఆమె ఇచ్చిందా? ఆమెను అడిగిందెవరు?

ప్రహ్లాదుడి కొలత పట్టుకుని చూస్తే ఆఫీసు నాకు వేరేగా కనబడింది. అందర్నీ ఒకే గాట కట్టలేం. కొత్తగా చేరిన ఒక అమ్మాయి నా దరఖాస్తు తప్పు కాలమ్‌లో ఎక్కించి మళ్లీ తిరిగేలా చేసింది. తెలియక జరిగింది, ఆ అమ్మాయి ముఖంలోనే తెలిసింది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఇంకో సీటులో పెద్దమనిషికి నిబంధన తెలుసు. గెజిటెడ్ సంతకం అక్కర్లేదని ఆయన వెనక గోడ మీదే అంటించి ఉంది. అయినా అడిగాడు, తెచ్చాక పక్కన పడేశాడు. ఈ ఇద్దరికీ ఒకే ఓర్పు ఇస్తే ఆ అమ్మాయికి అన్యాయం చేసినట్టే.

అక్కడే నా పాత విద్యార్థి ఒకడు కనిపించాడు. ఔట్‌సోర్సింగ్‌లో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేస్తున్నాడు. “టీచర్, గుర్తుపట్టిన్రా?” అంటూ లేచి నిలబడి నాకు కుర్చీ వేశాడు. “మీది ఇప్పుడే చూస్త టీచర్, మీరు ఇంత దూరం ఎందుకొచ్చిన్రు, ఒక్క ఫోన్ చెయ్యకపోయిన్రా” అన్నాడు. అవ్వ నాకంటే ముందు వచ్చిందని, ఆమెది చూశాకే నాది చూడమని చెప్పాను. వాడు ఇబ్బందిగా, ఆమెది వేరే సీటు అన్నాడు. అయితే ఆ సీటు దగ్గరికి నువ్వే తీసుకెళ్లమన్నాను. తీసుకెళ్లాడు. ఆమె కాగితం ఆ రోజు రాశారు. నాకు సంతోషమైంది, అయినా ఆ సంతోషం నాకు పూర్తిగా మింగుడుపడలేదు. వాడికి ఎనిమిదో తరగతిలో సంధులు చెప్పిన టీచరమ్మ అక్కడ ఆ వేళకు ఉండటం వల్ల అవ్వ కాగితం కదిలింది. కదలడానికి ఆమె సొంత హక్కు చాలలేదు. పరిచయం వల్ల జరిగిన న్యాయం వెనక నిలబడ్డవాడికి అన్యాయంగానే కనబడుతుంది, కనబడాలి కూడా.

భోజనం వేళ వాడు నాతో చెప్పుకున్నాడు. మూడు సీట్ల పని ఒక మనిషి మీద ఉంది. జీతం ఏ నెలది ఏ నెలలో పడుతుందో తెలియదు. సర్టిఫికెట్ మీద పెద్ద సారు డిజిటల్ సంతకం పడాలి, ఆ కీ సారు దగ్గరే ఉంటుంది. సారు ఫీల్డుకు పోతే కీ జేబులో పోతుంది, ఆ పూటకు అందరి ఫైళ్లూ ఆగుతాయి. గడువు దాటితే కంప్యూటర్‌లో ఎర్రగా చూపిస్తుంది, పైనుంచి అడుగుతారు. అందుకని గడువు దాటబోయే రోజున కాగితాలు సరిగా లేవని రాసి తిరగ్గొట్టేవాళ్లు ఉన్నారు. అప్పుడు లెక్కలో ఆలస్యం ఉండదు. దరఖాస్తుదారు మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వాడు ఘట్‌కేసర్ అవతలి నుంచి బండి మీద వస్తాడు, అవే స్తంభాల మధ్య నుంచి. “పొద్దుగాల కుర్చీల కూసునేసరికే పానం పోయినట్టుంటది టీచర్. ఎవరన్న గట్టిగ అడిగితే కోపమొస్తది” అన్నాడు.

వాడి మాటకు అశోకుడి శాసనం ఒకటి గుర్తొచ్చింది. ఒడిశాలో ధౌలి, జౌగడ అనే చోట్ల కళింగ అధికారులకు ప్రత్యేకంగా చెక్కించిన శాసనాలున్నాయి. నగరంలో న్యాయం చూసే అధికారులకు చెప్పిన మాటలవి. జనం కారణం లేకుండా బంధనాలూ బాధలూ పడకూడదు, మీరు మధ్యస్థంగా ఉండాలి అని చెప్పి, మనిషిని అలా ఉండనివ్వని దోషాల్ని వరసగా లెక్కపెట్టాడు. అసూయ, కోపం, క్రౌర్యం, తొందర, అభ్యాసం లేకపోవడం, సోమరితనం, అలసట. రెండు వేల రెండు వందల ఏళ్లు దాటిన ఆ జాబితాలో అలసట కూడా ఉండటం నాకు ఆశ్చర్యం. అలసట పాపం కాదని మనం అనుకుంటాం. కానీ కుర్చీలో కూర్చున్నవాడి అలసట అవతలి మనిషి మీద పడుతుందని, కాబట్టి దాన్ని కూడా దోషాల్లో లెక్కవేయాలని ఆ రాజు తెలుసుకున్నాడు. మా పిల్లవాడి అలసట వాడి తప్పు కాదు. దాన్ని వాడి మీద మోపినవాళ్లు వేరే ఉన్నారు, ఆ స్తంభాల్ని అలా వదిలేసినవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. అయినా అది అవ్వ మీద పడకుండా చూసుకోవలసిన బరువు వాడిదే. ఈ రెండూ నిజం. ఒకటి చెప్పి రెండోది దాచకూడదు.

అశోకుడి పద్నాలుగు ప్రధాన శిలాశాసనాలు మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉన్నాయి, గుత్తి నుంచి పత్తికొండ పోయే దారిలో, బండల గుట్ట మీద. ఉద్యోగంలో ఉండగా పిల్లల్ని తీసుకుని వెళ్లాను. వాటిలో ఆరోది ఈ విషయం మీదే. తాను భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, ఉద్యానవనంలో ఉన్నా ప్రజల పని ఉంటే ఎక్కడికైనా ఏ వేళనైనా వచ్చి చెప్పవచ్చని రాజు ఆజ్ఞ. ఎంత చేసినా తనకు తృప్తి లేదన్నాడు, తాను చేసేదంతా ప్రాణుల రుణం తీర్చుకోవడానికే అన్నాడు. దేవరుణం, రుషిరుణం, పితృరుణం మనకు తెలుసు. గుమ్మం ముందుకు వచ్చినవాడికి కూడా తాను బాకీ ఉన్నానని ఒక రాజు బండ మీద రాయించాడు. దయ కాదు, బాకీ. బాకీ అయితే ఓర్పు ప్రసక్తి మారిపోతుంది. అప్పిచ్చినవాణ్ణి ఓర్చుకోమని అప్పు తీసుకున్నవాడు ఉపదేశం చేయలేడు.

ఉత్తరకాండలోనే, ప్రక్షిప్తాలంటారు గానీ, నాకెంతో ఇష్టమైన ఇంకో కథ ఉంది. పని మీద వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారేమో చూసి రమ్మని రాముడు లక్ష్మణుణ్ణి గుమ్మం దగ్గరికి పంపాడు. ఎవరూ లేరని లక్ష్మణుడు వచ్చి చెప్పాడు. మళ్లీ వెళ్లి చూడమన్నాడు. ఈసారి ఒక కుక్క కనిపించింది, తల పగిలి, లోపలికి రావడానికి జంకుతూ. రెండోసారి పంపాడే, అక్కడ ఉంది ఆ కథ ప్రాణమంతా. ఎవరూ లేరన్న మాట చాలామంది అధికారులకు సుఖంగా ఉంటుంది. తనను కొట్టిన బ్రాహ్మణుడికి ఏ శిక్ష వేయాలో కుక్కనే అడిగితే, కాలంజరంలో కులపతి పదవి ఇమ్మని కోరింది. తాను పూర్వజన్మలో ఆ పదవిలోనే ఉన్నానని, జాగ్రత్తగానే నడుచుకున్నా ఈ గతి పట్టిందని చెప్పింది. అధికారం ఎంత ప్రమాదకరమైనదో చెప్పడానికి ఇంతకంటే భయంకరమైన కథ నేను చదవలేదు.

ఇక రామదాసు. కంచెర్ల గోపన్న భక్తుడని అందరికీ తెలుసు. ఆయన ఉద్యోగం తహసీల్దారు. గోల్కొండ తానీషా కొలువులో పాల్వంచ పరగణాకు శిస్తు వసూలు చేసే మనిషి. ఆ సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి, ఖైదులో పడ్డాడు. పన్నెండేళ్లని చెప్పుకుంటారు. ఆయన ఓర్చుకున్నాడని ప్రవచనాల్లో చెబుతారు. కీర్తనలు పాడినవాళ్లను అడగండి. ఆయన రాముణ్ణి నిలదీశాడు, నీ నగలకు ఇంత అయింది, నీ గోపురానికి ఇంత అయింది అని లెక్కచెప్పాడు, తిట్టాడు, సీతమ్మతో సిఫారసు చేయించుకోబోయాడు. భక్తి తగ్గి అడిగాడని ఎవరూ అనరు. అడగడమే ఆయన భక్తి. దేవుణ్ణే ఇన్ని మాటలు అడగవచ్చని మూడు శతాబ్దాలుగా పాడుకుంటున్న జాతి, ఒక గుమాస్తాను నా కాగితం ఎక్కడ ఉందని అడగడానికి గొంతు ఎందుకు తగ్గించుకోవాలి?

ఆ కథ ముగింపు కూడా గమనించండి. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో రాత్రివేళ తానీషా దగ్గరికి వెళ్లారట. ఆరు లక్షలు చెల్లించి, రసీదు అడిగి తీసుకున్నారట. ఆ రసీదు తెచ్చి ఖైదులో రామదాసు దగ్గర పెట్టారట. దేవుడు జైలు గోడ పగలగొట్టవచ్చు. పగలగొట్టలేదు. చెల్లించాల్సింది చెల్లించి, రాతపూర్వకంగా పుచ్చుకుని వచ్చాడు. ఈ కథను ఇలా కట్టిన జనానికి కచ్చేరీల సంగతి బాగా తెలుసు. రుజువు చేతిలో లేని మనిషి ఎంత నిస్సహాయుడో తెలుసు. అందుకే తమ దేవుడికి ఆ పని అప్పగించారు.

నా పెన్షన్ కాగితాలు చివరికి పూర్తయ్యాయి. కరెంటు మీటరు ఇంకా మా ఆయన పేరు మీదే ఉంది, ఆ తిరుగుడు ఇప్పుడు నడుస్తోంది. సోమవారాల్లో మాత్రం కలెక్టరేట్‌లో ప్రజావాణి జరిగే చోటికి వెళుతున్నాను. నా పని మీద కాదు. అక్కడ చెట్టు కింద అర్జీలు రాసిపెట్టేవాళ్లు డబ్బు తీసుకుంటారు, అది వాళ్ల బతుకు, నేను తప్పుపట్టను. ఆ డబ్బు లేనివాళ్లు నా దగ్గరికి వస్తారు. నేను రాసిస్తాను. మా కాలనీ గుడిలో భజనకు నాతో కూర్చునే ఒకామె, సోమవారం శివుడి గుడికి రాకుండా ఆఫీసుల చుట్టూ తిరుగుతావేమిటి వదినా, ఈ వయసులో నీకెందుకు ఈ ఆరాటం అని బాధపడింది. ఆమె ప్రేమతోనే అంది. నాకు రెండింటి మధ్య తేడా తెలియడం లేదని చెప్పాను. ఆమె ఒప్పుకోలేదు, మా వాదన ఇంకా తెగలేదు. శ్రీరామనవమికి పౌరాణికుణ్ణి పిలిచే పని ఈసారి మా కమిటీలో నా మీద పెట్టారు. కల్యాణం కథ ఎలాగూ చెబుతారు, ఒక సాయంత్రం ఉత్తరకాండ నృగుణ్ణి చెప్పమని ఆయనకు ఫోన్ చేసి అడిగాను. నవమి పూట అశుభం అంటారేమోనన్నారు. అయితే దశమి నాడు చెప్పమన్నాను. మా వార్డు ఆఫీసు వాళ్లను కూడా పేరుపేరునా పిలుస్తానని, ముందు వరసలో కుర్చీలు వేయిస్తానని చెప్పాను. చూస్తానన్నారు. వచ్చే వారం మళ్లీ ఫోన్ చేయాలి.